పాత కాలిన మచ్చ మీద మానని పుండు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 61 ఏళ్లు. ముప్పై ఏళ్ల కింద కిరోసిన్ స్టవ్ అంటుకుని మోకాలి వెనకాల కాలింది, అప్పుడు చర్మం అతికించలేదు, దానంతటదే మానింది కానీ కాలు పూర్తిగా చాపలేదు. ఆ మచ్చ అప్పుడప్పుడు చిట్లి మళ్లీ మానేది, ఈసారి ఐదు నెలలైంది మానట్లేదు, ఒకటే వాసన, కట్టు విప్పితే రక్తం. షుగర్ లేదు. ఊళ్లో ఆర్ఎంపీ గారు కట్టు కడుతున్నారు. పాత మచ్చే కదా అని అమ్మ ఆస్పత్రికి రానంటోంది.
- ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

జవాబు: పాత మచ్చ కాబట్టే తీసుకెళ్లాలమ్మా. మోకాలు వంచినప్పుడల్లా బిగుసుకున్న ఆ చర్మం చిట్లడం, మానడం, మళ్లీ చిట్లడం, ఇలా ఏళ్ల తరబడి జరిగితే కొందరికి అక్కడే చర్మ క్యాన్సర్ మొదలవుతుంది, కాలిన చాలా ఏళ్లకి, ఒక్కోసారి ముప్పై ఏళ్లకి కూడా. దీన్ని మార్జొలిన్ అల్సర్ అంటారు. 1828లో మార్జొలిన్ అనే ఫ్రెంచ్ సర్జన్ ఇలాంటి పుళ్ల గురించి రాశాడు గానీ క్యాన్సర్ అని అనలేదు పాపం, పేరు మాత్రం ఆయనదే పడింది. కాలిన మచ్చలే కాదు, లంగా బొందు బిగించి కట్టి కట్టి నడుము దగ్గర పుండు పడి అది క్యాన్సర్ అయిన వాళ్లూ మన దేశంలో ఉన్నారు.

అందరికీ అవుతుందని కాదు, ఎక్కువమందికి కాదు. కానీ మూడు నెలలు దాటినా మానని పుండుకి, అందులోనూ వాసనా రక్తం ఉంటే, బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, చెయ్యకుండా ఆయింట్‌మెంట్లు మార్చడం తప్పు. ఈసారి కట్టు విప్పినప్పుడు అంచు చూడండి, గట్టిగా, కాలీఫ్లవర్ పువ్వులా పైకి లేచి బయటికి తిరిగి ఉందా? ముక్క తీసేది ఆ అంచు నుంచి, అదీ రెండు మూడు చోట్ల. మధ్యలో తీస్తే ఒక్కోసారి కుళ్లిన కండే వచ్చి రిపోర్టులో ఏమీ లేదని వస్తుంది, అలా వచ్చినా పుండు మానకపోతే మళ్లీ చెయ్యమని అడగండి. కత్తి పెడితే పాకుతుంది అన్న మాట మీ అమ్మగారు కూడా అంటారు, ఆ భయంతోనే జనం ఆలస్యం చేసి పాకనిస్తున్నారు.

క్యాన్సరే అయినా తొందరగా పట్టుకుంటే చుట్టూ మంచి చర్మంతో సహా కోసేసి తొడ చర్మం అతికిస్తారు. గజ్జల్లో బిళ్లలు కట్టాయేమో కూడా చూస్తారు. ఎముక దాకా వెళ్తే కాలు తీయాల్సి రావచ్చు, అందుకే ఈ తొందర. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో సర్జరీ విభాగానికి ఈ వారమే తీసుకెళ్లండి. వెళ్లే రోజు పసుపు, పౌడర్ ఏమీ చల్లకుండా శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి చాలు, పుండు అసలు రూపు డాక్టర్‌కి కనపడాలి.