చూపు 6/6 ఉంది, అయినా అక్షరాలు కదులుతున్నాయంటాడు

ప్రశ్న: మా బాబుకు 14 ఏళ్లు. స్కిజోఫ్రీనియా (లేనివి వినిపించడం, కనిపించడం వంటి లక్షణాలుండే మానసిక జబ్బు) అని ఏడాది కిందట బెంగళూరులో చెప్పారు. రెండు నెలలుగా పుస్తకం చదవలేకపోతున్నాడు, అక్షరాలు కదులుతున్నాయంటాడు, ఒక్కోసారి మా ముఖాలు వేరేగా కనిపిస్తున్నాయంటాడు. కంటి డాక్టరు చూపు 6/6 అన్నారు. మత్తుగా ఉంటున్నాడని ఒక మాత్ర సగం చేశాం, చేతులు వణుకుతుంటే పాత చీటీతో మెడికల్ షాపులో మాత్ర తెచ్చి వేస్తున్నాం. కళ్లద్దాలు పెట్టించాలా?
– ఒక తల్లి, గుత్తి, అనంతపురం జిల్లా

జవాబు: అద్దాల సంగతి తర్వాతమ్మా. మీరు చివర్లో ఒక్క ముక్కలో తేల్చేసిన ఆ రెండు మాత్రల గురించే నా టెన్షన్.

ఈ జబ్బు మందుల వల్ల వచ్చే వణుకుకు ఎక్కువగా ఇచ్చేది ట్రైహెక్సీఫెనిడిల్ అనే మాత్ర. మీరు తెచ్చింది అదే అయితే దగ్గరి చూపు మసకబారొచ్చు, నోరు ఎండుతుంది, డోసు ఎక్కువైతే లేనివి కూడా కనిపిస్తాయి. పుస్తకం మసకా, బోర్డు మసకా అని బాబును విడివిడిగా అడగండి. పుస్తకం ఒక్కటే అయితే నా అనుమానం ఆ మాత్ర మీదే. అసలు బాబు వణుకు ఆ జబ్బు మందుల వల్లేనని తేల్చిందెవరు? చాలామందిలో అవును, కానీ ఈ వయసులో మానసిక లక్షణాలకు వణుకు తోడైతే ఒంట్లో రాగి పేరుకునే విల్సన్ జబ్బు కాదని ఒకసారి తేల్చుకోవాలి. బెంగళూరులో చూసే ఉంటారు, ఫైలు తీసి అడగండి. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే, కన్నును పెద్దదిగా చూపే పరికరంతో నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందేమో చూస్తారు, రక్తపరీక్ష కూడా ఉంటుంది. పాత చీటీ చూసి మాత్ర ఇచ్చే షాపువాడికి ఇవేవీ తెలియవు కదా!

మాత్ర సగం చేసిన తర్వాతే ముఖాలు మారినట్టు కనిపించడం మొదలైతే జబ్బు తిరగబెడుతోందేమో. చిన్న వయసులో మొదలైన ఈ జబ్బులో లేనివి కనిపించడం పెద్దల్లో కంటే ఎక్కువ. అలాగని మీరే మళ్లీ డోసు పెంచకండి, ఉన్నట్టుండి ఆపేయకండి కూడా. ఈ వారంలోనే మందులన్నీ సంచిలో వేసుకుని బెంగళూరుకో, అనంతపురం సర్వజన ఆస్పత్రి మానసిక విభాగానికో వెళ్లండి. మత్తు గురించి అక్కడే చెప్పండి, మందు వేళో, మందో మారుస్తారు.

ఇవేవీ కాకపోయినా ఇబ్బంది నిజమే కావచ్చు. 6/6 అంటే తెల్ల అట్ట మీది నల్ల అక్షరాలు కన్ను పట్టుకుందని మాత్రమే. మసక రంగుల తేడా, కదలిక, ముక్కలు కలిపి ఆకారం గుర్తించడం, ముఖంలో కోపమో నవ్వో పసిగట్టడం మెదడు పని, ఈ జబ్బులో అక్కడ తడబాటు ఉంటుంది. అద్దాలతో అది పోదు, మందులతో కూడా పూర్తిగా పోకపోవచ్చు. కాబట్టి చదువు ఎగ్గొట్టడానికి నాటకాలు అని తిట్టొద్దు. ముందు బెంచీలో కూర్చోబెట్టమని, బోర్డు మీద పెద్దగా రాయమని టీచర్‌ను అడగండి. చదివేటప్పుడు వరుస కింద స్కేలు పెట్టుకుంటే కొందరికి సులువుగా ఉంటుంది.

కనుగుడ్లు పైకి తిరిగి అలాగే నిలబడిపోయినా, మెడ వంకరపోయినా గాలి సోకిందని తాయెత్తు కట్టించి కూర్చోకండి. అది మందుల వల్ల రావచ్చు, వెంటనే క్యాజువాలిటీకి తీసుకెళ్తే సాధారణంగా ఇంజెక్షన్‌తో త్వరగానే సర్దుకుంటుంది. మూర్ఛ, జ్వరంతో పాటు తికమక, చచ్చిపోతానన్న మాట, వీటికీ ఆగొద్దు. రాత్రిపూట ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. బాబును చూడకుండా నేను చెప్పగలిగింది ఇంతవరకే, మార్పులు మీ డాక్టరే చేయాలి.