థామస్ డోర్సీ ఎవరు? ఆయన పాట ఆరాధనలో పాడొచ్చా?

‘ప్రెషస్ లార్డ్, టేక్ మై హ్యాండ్’ కట్టిన థామస్ డోర్సీ ఎవరు, క్లబ్బుల్లో వాయించిన మనిషి పాట ఆరాధనలో పాడొచ్చా అని అడిగారు. నిశ్చింతగా పాడండి. నరసాపురం దగ్గర మా ఊరి చర్చిలో నేను హార్మోనియం వాయిస్తాను. యవ్వనస్తులు భూస్థాపన ఆరాధనకి ఈ పాట నేర్చుకుంటామంటే మా సంఘ పెద్ద ఒకాయన ఇదే అభ్యంతరం చెప్పారు.

ముందుగా ఒకటి. ఈ పాట టామీ డోర్సీ అనే బ్యాండు నాయకుడిదని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. నమ్మకండి, ఆయన వేరే మనిషి. మనం మాట్లాడుకునే థామస్ డోర్సీ 1899లో జార్జియా రాష్ట్రంలోని విల్లా రికాలో, నల్లజాతి కుటుంబంలో పుట్టారు. తండ్రి బాప్తిస్టు బోధకుడు, తల్లి ఆర్గన్ వాయించేవారు. షికాగో వెళ్లి ‘జార్జియా టామ్’ పేరుతో బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల కష్టసుఖాలు పలికే లౌకిక సంగీతం) వాయించారు, మా రైనీ అనే గాయనికి పియానో సహకారం ఇచ్చారు. 1928లో గిటారు వాయించే టాంపా రెడ్‌తో కలిసి చేసిన రికార్డు బాగా అమ్ముడుపోయింది. అది సరసపు పాటే, దాచాల్సిన పనిలేదు.

1932 ఆగస్టులో ఆయన కూడికల కోసం సెయింట్ లూయిస్ వెళ్లారు. అక్కడుండగా టెలిగ్రాం వచ్చింది: భార్య నెట్టీ కాన్పులో చనిపోయింది. పుట్టిన మగబిడ్డా దక్కలేదు. కొన్నాళ్లు దేవుడి పాటలే వద్దనుకున్నారు. తర్వాత పియానో ముందు కూర్చున్నప్పుడు వచ్చిందీ పాట. బాణీకి ఆధారం అంతకుముందు నుంచీ ఉన్న ఒక కీర్తన స్వరమే. దాన్ని సాగదీసి, మూలిగించి, మాట మాటకీ ఊపిరి తీసుకునే చోటు పెట్టింది మాత్రం బ్లూస్ నేర్పిన చెయ్యి. హార్మోనియం మీద ప్రయత్నిస్తే నాకు తెలిసొచ్చింది: ఆ పాటలో ఏడుపు పలికే స్వరం రెండు మెట్ల మధ్యన ఉంటుంది, పెట్టెలో దొరకదు, గొంతే పలకాలి. బ్లూస్ తీసేస్తే ఆ పాటలో దుఃఖమే మిగలదు.

మా పెద్దాయనకి నేను ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమే తెరిచి చూపించాను. కీర్తనల పైన రాగం, తాళం రాసి ఉంటాయి కదా. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) తాను ఎరిగిన సంగీతంలోనే క్రీస్తును పాడారు. అలాంటి రాగాలే మన జిల్లాల్లో మేజువాణీల్లోనూ వినిపించేవి. ఆయన కీర్తనకి కన్నీళ్లు పెట్టుకునే మనం డోర్సీ గారిని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు. పెద్దాయన ఆలోచించి, సరే పాడండమ్మా అన్నారు.

అమెరికాలోనూ మొదట్లో చాలా చర్చిలు ఆయన పాటల్ని రానివ్వలేదు. ఆయన విడి కాగితాలుగా అచ్చువేసి అమ్ముకున్నారు. షికాగోలో పిల్‌గ్రిమ్ బాప్తిస్టు చర్చి క్వయర్‌ని దశాబ్దాలపాటు నడిపారు, ఊరూరా గాస్పెల్ (నల్లజాతి చర్చిల భక్తి సంగీతం) క్వయర్లు లేచేలా చేశారు. గాస్పెల్ గాయని మహేలియా జాక్సన్ గొంతులో ఆ సంగీతం లోకమంతా పాకింది. 1968లో మెంఫిస్‌లో తూటా తగలడానికి కాస్త ముందు మార్టిన్ లూథర్ కింగ్ ఆ రాత్రి కూడికలో వాయించమని అడిగింది ఈ పాటే. ఆయన అంత్యక్రియల్లో మహేలియా పాడిందీ ఇదే. డోర్సీ 1993 వరకూ జీవించారు.

మీ క్వయర్‌కి ఒక్క మాట: కీబోర్డులో రిథమ్ ఆపేయండి. ఒకరు ముందు పాడాలి, మిగతావాళ్లు సన్నగా అందుకోవాలి. తొందరపడితే ఈ పాట పాడైపోతుంది.