పిల్లలతో మొక్కల అరలా? ప్యాలెట్ల జోలికి పోకండి

ఆరేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలతో కలిసి పాత చెక్కతో బాల్కనీలో మొక్కలకు అరలు చేయవచ్చా, ఏ చెక్క మంచిది అని అడిగారు. నిక్షేపంగా చేయవచ్చు. మా ఇద్దరు పిల్లలతో చేయించిన అరలు ఇప్పటికీ కుండీలు మోస్తున్నాయి.

యూట్యూబులో ఎవరిని చూసినా ప్యాలెట్లే, అంటే రవాణాలో సరకు కింద వేసే చెక్క చట్రాలే. నేనైతే వద్దంటాను. వాటి మేకులు ఊడబీకడం పెద్దవాళ్లకే చాకిరీ. పైగా విదేశీ సరకుతో వచ్చిన ప్యాలెట్ మీద ముద్ర చూసుకోవాలి: హెచ్‌టీ అని ఉంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది. రెండోదాన్ని ఇంటికే తేవద్దు.

కాశ్మీరు ఆపిల్ పండ్లు వచ్చే చెక్క పెట్టెలు ఇంతకంటే మేలు. పండ్ల దుకాణంలో అడిగితే చవకగా ఇస్తారు. పెట్టెను పక్కకు పడుకోబెడితే అదే ఒక అర. పలకల మధ్య సందుల్లోంచి నీళ్లు దిగిపోతాయి. అయితే ఆ పలకలు పలుచన. 10 అంగుళాల కుండీ తడి మట్టితో 10 కిలోల దాకా తూగుతుంది కాబట్టి, అడుగున అడ్డంగా ఒక మందపాటి బద్ద వేయండి.

పిల్లలకు అసలు పని చెక్కను నునుపు చేయడం. చెక్కముక్కకు 80 నంబరు గరుకు కాగితం చుట్టి ఇవ్వండి, తర్వాత 120. ముక్కుకు గుడ్డ కట్టి, ఆరుబయట కూర్చోబెట్టండి. చిన్నవాడికి పరీక్షాధికారి ఉద్యోగం: పాత నైలాన్ సాక్సు చేతికి తొడుక్కుని చెక్కంతా నిమరాలి. దారం పట్టుకున్న చోట పేడు ఉన్నట్టే, మళ్లీ రుద్దాలి. మావాడు అక్క రుద్దిన చెక్కను ఎన్నిసార్లు తిప్పికొట్టాడో!

మేకులు కొడితే సన్న చెక్క చీలుతుంది. మీరు డ్రిల్లుతో రంధ్రం చేయండి, స్క్రూ పెద్దపిల్ల బిగిస్తుంది. నీళ్లతో కలిపే రంగయితే చేతులు కడుక్కోవడం సులువు. ఏ రంగు అన్నది వాళ్లకే వదిలేయండి.

పెట్టెలను ఒకదానికొకటి బిగించి, మొత్తాన్ని గోడకు క్లాంపులతో పట్టించడం మాత్రం మానకండి. అరలు కనిపిస్తే పిల్లలు ఎక్కకుండా ఉండరు. కింద ఇటుకలు పెడితే చెమ్మా చెదలూ దూరం. పై నీళ్లు కిందికి కారతాయి గనుక కలబంద పైన, పుదీనా కింద. కుండీల కింద పళ్లాలు పెడితే దోమలు చేరకుండా వారానికోసారి నీళ్లు పారబోయాలి. ఆ పని కూడా పిల్లలకే అప్పగించండి.