‘మూలకాలు శాశ్వతం’ అనవచ్చా?

సందేహం: మోర్మన్ల విశ్వాసాన్ని నేటి విశ్వోత్పత్తి శాస్త్రంతో పోల్చే వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘దేవుడు లోకాన్ని శూన్యం నుంచి సృష్టించలేదు, మూలకాలు శాశ్వతమైనవి’ అని రాశాను. సృష్టి అన్నాక శూన్యం నుంచి కాదనడం పొసగదని ఒక మిత్రుడు అన్నారు. సరైన మాటలేవి?

సమాధానం: మిత్రుని అభ్యంతరం నిలవదు. సృజ్ ధాతువుకు వదలడం, వెలువరించడం అని అర్థం. విసర్జన, ఉత్సర్గ కూడా దాని నుంచి వచ్చినవే. ఏమీ లేని స్థితి నుంచి పుట్టించడమన్న భావం ధాతువులో లేదు. ‘ఆదియందు దేవుడు భూమ్యాకాశములను సృజించెను’ అన్న చోట ఆ భావం స్ఫురిస్తే, అది క్రైస్తవ వ్యాఖ్యాన సంప్రదాయం చేర్చింది. మోర్మన్ మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ 1844 ఏప్రిల్ 7న అమెరికాలో ఇల్లినాయ్‌లోని నావూలో చేసిన ప్రసంగంలో దాన్నే కాదన్నాడు. హీబ్రూ మూలంలోని ‘బారా’కు ఉన్న పదార్థాన్ని కూర్చడమని అర్థం చెప్పాడు. కాబట్టి ‘కూర్చి నిర్మించాడు’ అంటే అతని మాటకు దగ్గరగా ఉంటుంది. ‘వ్యవస్థీకరించాడు’ అనకండి, అది ఆఫీసు ఉత్తర్వుల భాష.

అసలు చిక్కు ‘మూలకాలు’ దగ్గర ఉంది. మీరు తెలుగు చేసిన ‘మూలకాలు శాశ్వతమైనవి’ అన్నది స్మిత్ బోధల్లో 1833లో వెలువడిన వాక్యం. అందులోని ఇంగ్లీషు మాట ‘ఎలిమెంట్స్’కు అన్నిటికీ ఆధారమైన ముడి పదార్థం అని అర్థం. తెలుగులో మూలకం అనగానే బడి చదువు చదివినవారికి హైడ్రోజన్, ఆక్సిజన్, ఇనుము గుర్తొస్తాయి. అవి శాశ్వతం కావు. దాదాపు 1380 కోట్ల ఏళ్ల కిందట, విశ్వ విస్తరణ మొదలైన తొలి నిమిషాల్లో హైడ్రోజన్, హీలియం కేంద్రకాలు, కొద్దిగా లిథియం ఏర్పడ్డాయి. కార్బన్, ఆక్సిజన్, ఇనుము ఆ తర్వాత నక్షత్రాల్లో తయారయ్యాయి. అంటే మీ వాక్యం మోర్మన్లు అనని మాటను వారికి అంటగట్టి, దాన్ని భౌతికశాస్త్రం చేత ఖండింపజేస్తోంది. పోలిక మొదలుకాకముందే చెడిపోతుంది.

‘మూలద్రవ్యం’ వాడండి. ‘ద్రవ్యరాశి’ మాత్రం వద్దు, అది తూకానికి సంబంధించిన రాశి. శక్తిగా మారగలదని 1905 నుంచీ తెలిసిందే. ‘శాశ్వతం’ రాబోయే కాలాన్నే చెబుతుంది, ‘అనాది’ వెనకటి కాలాన్నే. ‘నిత్యం’ రెంటికీ సరిపోయేదే గానీ, పత్రికా పాఠకులకు అది ‘రోజూ’ అని వినిపిస్తుంది. ‘ఆద్యంతాలు లేని మూలద్రవ్యం’ అనడమే మేలు.

శూన్యం విషయంలోనూ జాగ్రత్త కావాలి. ‘శూన్యంలో కాంతి వేగం’ అన్నప్పటి శూన్యం క్వాంటం సిద్ధాంతంలో ఒట్టి లేమి కాదు. అది విద్యుదయస్కాంత క్షేత్రం వంటి క్షేత్రాలకు ఉండగల అతి తక్కువ శక్తి స్థితి, అందులోనూ ఒడుదొడుకులుంటాయి. విశ్వం శూన్యం నుంచి పుట్టి ఉండవచ్చని ఒక భౌతికశాస్త్రవేత్త అంటే, స్మిత్ నిరాకరించిన శూన్యం అది కాదు. శాస్త్రం చెప్పే చోట ‘శూన్యస్థితి’, మతం చెప్పే చోట ‘అభావం’ అని విడదీయండి. న్యాయదర్శనం, అంటే భారతీయ తర్కశాస్త్రం, చదివినవారికి ఆ రెండో మాట హాయిగా అందుతుంది.

ఆత్మ కూడా పదార్థమే, కాకపోతే మరింత సూక్ష్మమైనది, శుద్ధమైనది అన్నది స్మిత్ 1843 నాటి బోధ. దాన్ని ‘సూక్ష్మ పదార్థం’ అనండి. ఖగోళ శాస్త్రం చెప్పే కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్) వేరు. గెలాక్సీల భ్రమణంలో కనిపించే గురుత్వ ప్రభావాన్ని బట్టి ఊహించినది అది. రెంటినీ కలిపేటప్పుడు క్రియ ‘పోలి ఉంది’ కావాలి, ‘రుజువైంది’ కాకూడదు. అలాగే మోర్మన్ గ్రంథాలు చెప్పే ‘లెక్కలేనన్ని లోకాలు’ను ‘విశ్వాలు’గా మార్చకండి. బహుళ విశ్వాల ప్రతిపాదన మరొకటి.

ఇక ‘అట’. ‘దేవుడు మూలద్రవ్యాన్ని కూర్చాడట’ అంటే రచయిత నమ్మడం లేదని ధ్వనిస్తుంది, ఒక్కోసారి వెక్కిరింపులా కూడా. ‘కూర్చాడని వారి విశ్వాసం’ అనండి. భౌతికశాస్త్రం వైపు కూడా ‘బహుళ విశ్వాలున్నాయి’ అని రాయకుండా ‘ఉండవచ్చని కొందరి ప్రతిపాదన’ అనండి.