పాఠకుల ప్రశ్నలు: టంకం ముందా, రాయి ముందా?

ప్రశ్న: రాగి రేకుపై వెండి గూడు అతికించి, ఫిరోజా రాయి పొదిగిన లాకెట్టు చేయబోయాను. టంకం వేసేసరికి రాయి రంగు మారి పగిలింది. ఆమ్లంలో కడిగిన వెండి ఎర్రబారింది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: పొరపాటు పని వరుసలో ఉంది. టంకం వేయడం, ఆమ్లంలో కడగడం, నునుపు చేయడం అన్నీ ముగిశాకే రాయిని గూడులో కూర్చోబెట్టి, అంచును ఎదురెదురు వైపుల నుంచి కొద్దికొద్దిగా లోపలికి నొక్కాలి. ఫిరోజా, ముత్యం, ఒపల్ మంటను సహించవు. ముత్యాన్నైతే ఆమ్లం దరిదాపులకు కూడా రానివ్వకండి. గూటి అంచుకు 92.5 శాతం వెండికన్నా మెత్తనైన మేలిమి వెండి అనువుగా ఉంటుంది.

మేలిమి వెండి సుమారు 962 డిగ్రీల సెల్సియస్ వద్ద, రాగి 1085 డిగ్రీల వద్ద కరుగుతాయి. టంకం అంతకన్నా తక్కువ వేడికే కరగాలి. మంటను నేరుగా టంకంపై పెట్టకుండా, వెలిగారం (టంకం సాఫీగా పారడానికి పూసే బోరాక్స్) పూసిన నగ మొత్తాన్ని వేడి చేస్తే, కరిగిన టంకం తనంతట తానే అతుకులోకి పాకుతుంది. మందమైన రాగి రేకును ముందు వేడెక్కించండి, లేకపోతే సన్నని గూడు కూలిపోతుంది.

వెండి ఎర్రబడటానికి కారణం బహుశా మీ ఇనుప పట్టకారే. రాగి కలిసిన ఆమ్లంలో ఇనుము తగిలితే, ఆ రాగి వెండిపై పూతగా పేరుకుంటుంది. రాగి పట్టకారు వాడండి. ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు నీళ్లలోనే ఆమ్లం పోయాలి.