రొమ్ము క్యాన్సర్ తగ్గిన ఆరేళ్లకు ఊపిరితిత్తిలో గడ్డ.. బయాప్సీ వాయిదా వేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. ఆరేళ్ల క్రితం ఎడమ రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో, రేడియేషన్ అయ్యాయి. లెట్రోజోల్ (హార్మోన్‌ను తగ్గించే మాత్ర) వేసుకుంటోంది. ఇప్పుడు పెట్ స్కాన్‌లో ఎడమ ఊపిరితిత్తిలో 2.5 సెం.మీ. గడ్డ కనిపించింది. సూది గుచ్చితే పాకుతుందని భయపడి రెండు నెలలుగా మూలికల పొడి ఇస్తున్నాం. రెండు క్యాన్సర్లకూ ఒకే కీమో సరిపోతుందా?

సమాధానం: కీమో సంగతి తర్వాత. ముందు ఆ రెండు నెలల గురించే నా ఆందోళన. అది రెండో క్యాన్సరని ఇంకా తేలనే లేదు. పాతదే పాకి ఉండొచ్చు, ఊపిరితిత్తిలో కొత్తగా పుట్టి ఉండొచ్చు. క్షయ గడ్డ కూడా పెట్ స్కాన్‌లో ఇలాగే వెలుగుతుంది. కొత్తదై, లింఫ్ గ్రంథులకు చేరకుండా ఉంటే ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం ఉంటుంది. ఆలస్యం చేస్తే చేజారేది అదే. పాతదే పాకితే వైద్యం వేరు. హార్మోన్ రిసెప్టార్లు (హార్మోన్‌ను అందుకునే ప్రొటీన్లు) ఉన్న రకానికి చాలాసార్లు మాత్రలతోనే మొదలుపెడతాం.

ఇది తేల్చేది బయాప్సీ (గడ్డలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూడటం), ఐహెచ్‌సీ (ఆ ముక్కలోని ప్రొటీన్లను రంగులతో గుర్తించడం) పరీక్షలే. ఆ ప్రొటీన్లలో ఈఆర్, గాటా-3 పాజిటివ్ వస్తే రొమ్ము వైపు, టీటీఎఫ్-1, నాప్సిన్-ఎ వస్తే ఊపిరితిత్తి వైపు అనుమానిస్తాం. పాత ఆపరేషన్‌లో తీసి భద్రపరచిన గడ్డ ముక్కల బ్లాకులు, స్లైడ్లు తెప్పించి పక్కన పెట్టి పోల్చాలి. సూదితో క్యాన్సర్ పాకడం చాలా అరుదు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం, కాస్త రక్తం పడటం మాత్రం జరగొచ్చు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి.

ఆ పొడి ఈరోజే ఆపండి. అందులో ఏముందో తెలియదు. కాలేయం దెబ్బతింటే కీమో మోతాదు తగ్గించాల్సి వస్తుంది, ఒక్కోసారి ఇవ్వలేకపోతాం కూడా. డబ్బా పారేయకుండా డాక్టర్‌కు చూపించండి, కాలేయ పరీక్ష చేయించండి. లెట్రోజోల్ మాత్రం సొంతంగా ఆపొద్దు.

పాత కీమో చార్టు కూడా కావాలి. డాక్సోరుబిసిన్ అనే కీమో మందు జీవితకాలపు మొత్తం, శరీర ఉపరితలంలో చదరపు మీటరుకు 450-550 మి.గ్రా. దాటితే గుండె బలహీనపడే ముప్పు బాగా పెరుగుతుంది. ఎడమ ఛాతీకి ఇదివరకే రేడియేషన్ పడింది కాబట్టి ఆ ప్లాన్ కాగితాలూ ముఖ్యమే.

నిజంగా రెండు క్యాన్సర్లయితే దేని స్టేజీ దానికే వేసి, ప్రాణానికి ఎక్కువ ముప్పున్నదానికి ముందు వైద్యం చేస్తారు. జన్యు పరీక్ష అవసరమా అనేదీ అడగండి. అమ్మగారిని చూడకుండా ఇంతకుమించి చెప్పలేను. ఈ వారమే ఆంకాలజిస్టును కలవండి. దగ్గులో రక్తం, ఆయాసం, కాళ్లలో పట్టు తప్పడం కనిపిస్తే మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.