పావుగంట ఇంటి ప్రార్థన

ప్రియమైన సంఘానికి, ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ఆదివారం ఆరాధన మానని ఇళ్లలో కూడా కుటుంబ ప్రార్థన నెల తిరక్కుండానే ఆగిపోతోంది. భక్తి చాలక కాదు. మొదటిరోజే గంటసేపు పెట్టుకుంటారు, పదోరోజుకి అలిసిపోతారు. పావుగంట చాలు. ఒక పల్లవి, ఒక చరణం పాడటానికి రెండు నిమిషాలు, వాక్యానికి ఐదు, ప్రార్థనకు ఐదు. మిగతా మూడు నిమిషాలు అందరూ వచ్చి చాప మీద కూర్చునేసరికే అయిపోతాయి.

వేళ రాత్రి భోజనానికి ముందు పెట్టుకోండి. తిన్నాక అంటే పిల్లలు తూగుతారు, పెద్దవాళ్లకి నడుం వాల్చాలనిపిస్తుంది. వంట అయింది, కంచాలు ఇంకా పెట్టలేదు, అదీ సరైన సమయం. ఫోన్‌లో బైబిలు చదివితే మధ్యలో మెసేజ్‌లు వస్తాయి, కాబట్టి పుస్తకమే తెరవండి. ఫోన్లన్నీ పక్కగదిలో ఉంచండి, నాన్నగారి ఫోన్‌తో సహా.

జనవరి 1న ఆదికాండం మొదలుపెట్టిన చాలామంది నిర్గమకాండం 25వ అధ్యాయం నుంచి వచ్చే ప్రత్యక్ష గుడారం, అంటే ఇశ్రాయేలీయుల ఆరాధన గుడారం, కొలతల దగ్గర ఆగిపోతారు. పిల్లలున్న ఇంట్లో మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే. రోజుకి పది వచనాల లెక్కన రెండు నెలల పైచిలుకులో అయిపోతుంది. చదువు వచ్చిన ప్రతివాళ్లకీ వంతులేయండి. మన బైబిలు భాష పాతది, పిల్లలకి అడుగడుగునా మాట తగులుతుంది. మార్కు 4:38లో యేసు 'దోనె అమరమున' నిద్రపోతున్నాడు. దోనె అంటే పడవ, అమరం అంటే దాని వెనకభాగం, చుక్కాని పట్టే చోటు. ఈ ఒక్క ముక్క చెప్పండి. అంత తుఫానులో పడవ వెనక తలగడ మీద తల పెట్టి పడుకున్న ప్రభువు పిల్లవాడి కళ్లకి కడతాడు. తర్వాత ప్రసంగం వద్దు. "ఇందులో నీకేం నచ్చింది?" అని ఒక్క ప్రశ్న చాలు. జవాబు రాకపోతే బలవంతపెట్టకండి.

ప్రార్థన దగ్గర జరిగే పొరపాటు గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. "ప్రభువా, వీడికి బుద్ధి ప్రసాదించు, లెక్కల్లో తప్పాడు" అని కొడుకు ముందే తల్లి ప్రార్థిస్తుంది. "ఈ ఇంట్లో పెద్దల మాటకి విలువ లేదు తండ్రీ" అని అత్తగారు కోడలు వినేలా మొరపెడుతుంది. ఇది దేవునితో మాట్లాడటం కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మనుషుల్ని సాధించడం. మందలింపు ఉంటే ప్రార్థన అయ్యాక విడిగా పిలిచి చెప్పండి. పక్కింటివాళ్ల గుట్టు కూడా ప్రార్థన అంశం పేరుతో బయటపెట్టకండి. "ఆ కుటుంబాన్ని ఆదరించు" అంటే దేవునికి అర్థమవుతుంది. రోజుకి మూడు అంశాలు చాలు. చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకోండి, జవాబు వచ్చినరోజు పక్కన ఆ తేదీ వేయండి. ముగింపుకి పరలోక ప్రార్థన అందరూ కలిసి చెప్పండి. మాటలు రాని చంటిది కూడా కొన్నాళ్లకి 'ఆమేన్' అందుకుంటుంది.

భార్యాభర్తలు పోట్లాడుకున్న రోజు ఏం చేయాలి? ప్రార్థన మానేయకండి, ఏమీ జరగనట్టు పాడేయకండి కూడా. భర్త భార్యను సన్మానించకపోతే ప్రార్థనలకే అభ్యంతరం కలుగుతుందని 1 పేతురు 3:7 చెబుతోంది. చాప పరచకముందే ఇద్దరూ పక్కకి వెళ్లి మాట్లాడుకోండి. "నీదీ తప్పే, నాదీ తప్పే" అన్నది ఒప్పుకోలు కాదు. "పిల్లల ముందు నీమీద అరిచాను, అది తప్పు, క్షమించు" అని చేసిన పని పేరు పెట్టి చెప్పండి. అరిచింది పిల్లల ముందైతే క్షమాపణ కూడా వాళ్ల ముందే. గొడవ మూలం తేలకపోయినా పర్లేదు, దానికి రేపు సాయంత్రం ఒక సమయం అనుకోండి. సూర్యుడు అస్తమించేలోగా పోవాల్సింది కోపం. లెక్కలన్నీ ఆ రాత్రే తేలాలని ఎఫెసీ 4:26 అనలేదు.

కువైట్‌లో పనిచేస్తున్న తల్లులు, తండ్రులు ఉన్న ఇళ్లవారికి ఒక మాట. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనక. మనకి రాత్రి ఎనిమిదైతే వాళ్లు ఇంకా పనిలోనే ఉండొచ్చు. రోజూ వీడియోకాల్ కుదరదు. ఆరోజు చదివే భాగం ముందే చెప్పుకుని, వాళ్లు తమ ప్రార్థన వాయిస్ మెసేజ్‌గా పంపితే ఇక్కడ అందరూ కలిసి వినండి.

భర్త ఇంకా విశ్వాసంలోకి రాని ఇంట్లో అక్కలూ, ఆయన్ని పిలిచి కూర్చోబెట్టకండి. గొంతు తగ్గించి, ఆయన అన్నం వేళ దాటకుండా ముగించండి.

రెండురోజులు తప్పితే ఆ ఇరవై వచనాలూ ఒకేసారి చదివించి తీర్చుకోవద్దు. ఆగినచోటే పట్టుకోండి. మొదటిరాత్రికి మార్కు 1:1-8. అందులో బాప్తిస్మమిచ్చు యోహాను మిడతలు తిన్నాడని ఉంది, పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. లేవీయకాండం 11:22 తీసి, మిడతలు తినొచ్చని అక్కడ రాసి ఉండటం చూపించండి.

ప్రభువు సేవలో,
మీ కాపరి